గాజుతొట్టి చేపలు - ఊరి చెఱువు



పేరులోనే గాజులు గల మా గాజులరామారమున, నా యింటి పంచలో నొక గాజుతొట్టి కలదు. అందు పసుపువన్నె మేన నల్లచుక్క గల చిన్నచేపల జంట నుంచితిని. ఒకనాడు ఆడుది రాతిపై గ్రుడ్లు పెట్టెను. నాటినుండి ఆలుమగలు రెండును వానికి కాపుండి రెక్కలతో నీరు విసరినవి. పిల్లలు వెలువడి, తల్లిదండ్రుల మేనిజిగురును మేయుట కన్నులార గంటిని.

కొలదినెలలకు తొట్టి నిండెను. మిగులు పిల్లలను చెఱువున విడువబోగా, వలవేసి బ్రదుకు పెద్దాయన యొకడు నన్నాపి, "తొట్టిలోనిది తీయవచ్చును, చెఱువులోనిది తీయగలమా, అయ్యా?" యనెను. ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రయందే దొరకినది.

ఇవి సిక్లిడు కుటుంబపు చేపలు. ఈ కుటుంబమున వందలకొలది జాతులు ఆఫ్రికా, అమెరికా ఖండములందు గలవు; మన దేశమున సహజముగా నుండునవి మూడే. నా తొట్టిలోని జాతిని 1795లో జర్మను పండితుడు బ్లాక్ వర్ణించెను. దీని జ్ఞాతియగు కరిమీనును 1790లోనే యాతడు వర్ణించెను. కేరళ ప్రభుత్వము 2010లో దానిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించెను. ఇవి దక్షిణతీరమున ఉప్పు కలసిన నీళ్ళకు చెందినవి; మా మెట్టచెఱువులవి కావు.

ఇంట గాజుతొట్టిలో చేపలను పెంచు వేడుకయు మిక్కిలి ప్రాచీనము కాదు. 1850లో లండనునందు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నీటిమొక్కలు, నత్తలు, చేపలు ఒకదానికొకటి తోడై బ్రదుకునని చూపెను. 1853లో ఆ నగరపు జంతుశాలలో చేపల యిల్లు వెలసెను. తొట్టికి నాలుగు గోడలుండుటచే అందలి తప్పు అందే యణగును.

చెఱువున నట్లు కాదు. ఈ కుటుంబమునకే చెందిన ఆఫ్రికా తిలాపియాను ప్రజల యాహారమునకై 1952లో మన దేశమునకు తెచ్చిరి. ఉద్దేశము మంచిదే. ఆ జాతిలో తల్లి గ్రుడ్లను నోటనిడుకొని పొదుగును. పుట్టిన పిల్లలకు భయము కలిగినచో మరల నోటనే దాచును. అందుచే పిల్లలు పెక్కు బ్రదికినవి. చెఱువు క్రిక్కిఱిసి, చేప యెదుగక గిడసబారెను. బొచ్చె, రవ్వలకు మేత తఱిగెను. 1959లో దీని పెంపకమును వ్యాపింపజేయరాదని భారత మత్స్యపరిశోధన సంఘము నిర్ణయించెను. అప్పటికే అది పెక్కు జలాశయముల స్థిరపడెను. నిర్ణయము వచ్చినది గాని చేప వెడలలేదు.

తొట్టిలో నన్ను మురిపించిన బిడ్డకాపే చెఱువున నొరుల బిడ్డలకు కూడు లేకుండ జేయును. కావున పిల్లలను వేఱొక తొట్టిగలవారి కిచ్చితిని. మీ యిండ్ల పడుచువారు గాజుతొట్టి పెట్టుకొనిన సంతోషింపుడు; ఆ నీటి చేపను మాత్రము ఊరి చెఱువున విడువనీయకుడు. ఇదియే నా మనవి.