మేచ్చాండాయి కింద ఎర్రగీత

మైలవరంలో పొద్దు గూకుతోంది. డ్యాం గట్టు మీదికి షికారు పోయినవాళ్లు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. మీరు ఒక అయివారి ఇంటి వసారాలో నాపరాతి అరుగు మీద కూర్చున్నారు. పక్కనే ల్యాప్‌టాప్, అందులో ఆయన రాసిన కథ. కరువు ఏడాది ఎనుములను తోలుకుని పెన్న దాటిన ముసలాయన కథ. మొదటి పేజీ నిండా ఎర్రగీతలు.

"నాయనా, ఇన్ని తప్పులా?" డిగ్రీ చదివే కూతురు తెర మీదికి వంగింది.

"అన్నీ తప్పులు గాదు పాపా. సగం దానికి తెలీని మాటలు."

మిగతా సగం తప్పులే. కథను మొదట జమ్మలమడుగు డీటీపీ సెంటరులో అను ఫాంటులో కొట్టించాడు. ఆ పాత ఫాంట్లు కంటికి తెలుగే గానీ, లోపల దాచుకునేవి తెలుగు సంకేతాలు కావు. యూనికోడ్‌లోకి మారిస్తేగానీ ఏ స్పెల్‌చెకరూ అది తెలుగని గుర్తుపట్టదు. ఆ మార్పిడిలో ఒత్తులు రాలిపోయాయి. 'రాష్ట్రం' కాస్తా 'రాష్రం' అయింది. చదివే కన్ను ఇట్లాంటివి సులువుగా దాటేస్తుంది, ఎర్రగీత దాటెయ్యదు. ఆయన చకచకా దిద్దుకుంటూ పోతున్నాడు. ఈ పనికి మాత్రం సాఫ్ట్‌వేర్‌ను మించింది లేదు.

వేలు 'మేచ్చాండాయి' దగ్గర ఆగింది. 'మేస్తున్నాయి'కి కడప మాట అది.

ఆయన వాడేది లిబ్రెఆఫీస్. అందులో అక్షరదోషాలు పట్టేది హన్‌స్పెల్. హంగేరీకి చెందిన లాస్లో నేమెత్ తన భాష కోసం తయారుచేశాడు దాన్ని. హంగేరియన్ కూడా మన తెలుగులాగే మాటకు ప్రత్యయం మీద ప్రత్యయం తగిలించుకునే భాష. అందుకే హన్‌స్పెల్ ఒక ఫైల్లో మూలరూపాలు, ఇంకో ఫైల్లో వాటికి తగిలే ప్రత్యయాల నియమాలు పెట్టుకుంటుంది. ఒక్క 'ఇల్లు' నుంచే ఇంటికి, ఇంట్లో, ఇళ్లల్లోంచి, ఇంటిదగ్గరోళ్లు అని ఎన్ని పుడతాయో చూడండి. సంధి కలిసిందంటే లెక్క ఇంకా పెరుగుతుంది. ఫైళ్లకు అందని రూపమల్లా దానికి తప్పే. ఇక కడప యాసకు నియమాలు రాసిపెట్టింది ఎవరు?

ఆయన కుడి బటన్ నొక్కి ఆ మాటను నిఘంటువులో చేర్చాడు. గీత మాయమైంది. రెండు పంక్తుల కింద 'మేచ్చాండాది' మళ్లీ ఎర్రబడింది. చేర్చింది ఆ ఒక్క రూపాన్నే కదా!

"నువ్వు బయటికి చదువు పాపా."

ఆ పిల్ల గొంతెత్తి చదువుతోంది. మీరూ వింటున్నారు. మూడో పేరాలో ఆగిపోయింది. "ఎనుములు గట్టు మీద మేసింది? మేసిందేంది నాయనా?"

తెర చూడండి, ఆ వాక్యం కింద ఒక్క గీతా లేదు. 'ఎనుములు' సరైన మాటే, 'మేసింది' సరైన మాటే. రెండూ కలిసి తప్పయ్యాయి. అదే ఆ పిల్ల రాసుకున్న ఇంగ్లిషు దరఖాస్తులో అయితే కర్తకూ క్రియకూ పొంతన కుదరనిచోట వ్యాకరణం చూసే లాంగ్వేజ్‌టూల్ నీలిగీత గీసి చూపిస్తుంది. దానికి తెలుగు రాదు. ఇంగ్లిషుకు 1970ల చివర్లోనే బెల్ ల్యాబ్స్‌లో రైటర్స్ వర్క్‌బెంచ్ పని మొదలైంది, వాక్యాల పొడవును కూడా అది లెక్కగట్టేది. మన శైలిని చూడ్డానికి ఇప్పటికీ చెవే దిక్కు. నన్నడిగితే అదేమంత పెద్ద నష్టం కాదు. వాక్యం పొడవు కొలిచే యంత్రం చేతికి మన ముసలాయన మాటల్ని అప్పగించాలంటే నాకు భయమే.

ఏది తప్పో తేల్చే పని ఇక్కడ కొత్త కాదు. ఇదే జిల్లాలో, కడపలో ఒకప్పుడు సి.పి. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి, కావ్యాల రాతప్రతులు సేకరించి, ఒకదాంతో ఒకటి పోల్చి పరిష్కరింపజేశాడు. ఏ రూపం ఉంచాలో, ఏది లేఖకుడి పొరపాటో తేల్చింది పండితులే. ఇక్కడ తేల్చేది తండ్రీకూతుళ్లు.

ఆ పిల్ల సెట్టింగులు తెరిచి 'కడప' అని కొత్త నిఘంటువు తయారుచేసింది. కథలోని మాటలన్నీ అందులోకి పోతున్నాయి: యాడికి, ఎట్లుండాడు, వచ్చాండారు. వద్దనుకున్నప్పుడు ఒక్క టిక్కు తీసేస్తే చాలు, బడి పరీక్ష పేపర్లకు అడ్డురాదు. రేపు ఇంకో కథ రాసినా ఇదే పనికొస్తుంది.

అయివారు అప్పుడే పత్రికకు మెయిల్ రాస్తున్నాడు: 'అచ్చుతప్పులుంటే దిద్దండి. సంభాషణల్లో మాత్రం చేయి పెట్టొద్దు.'