హాజరు పట్టీ, పిడికెడు బియ్యం

ప్రతి రాత్రీ ఎనిమిదింటికి హాస్టల్లో హాజరు వేస్తాం. పేరు పిలవగానే పిల్లలు "ప్రెజెంట్ మేడమ్" అంటారు. వీళ్లలో కొందరి అమ్మానాన్నలు కలిదిండి చుట్టూ ఉన్న చేపల చెరువుల గట్ల మీద గుడిసె వేసుకుని కాపలా ఉంటారు. ఎరుకల వాళ్లూ, యానాదులూ. రిజిస్టరు తెరిచినప్పుడల్లా మన తాతలు చెప్పిన మరో హాజరు గుర్తొస్తుంది. ఆ సంగతి మీలో చాలామంది ఇంట్లో విని ఉండరు. పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పలేదు. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

మన ఎరుకల వాళ్లు ఒకప్పుడు వర్తకులు. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. ఉప్పు మీద పెత్తనం సర్కారుది అయింది, పైగా రైళ్లొచ్చాయి, ఆ బతుకుతెరువు పోయింది. ఊరూరా తిరిగేవాళ్లంటే తెల్లదొరలకు మొదటినుంచీ అనుమానమే. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాంతో ఫలానా తెగలో పుట్టడమే నేరమైంది. వేలిముద్రలు, పాసులు, హాజరు.

1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు మొదలైంది. దాన్ని సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి అప్పజెప్పారు. ఆ సంస్థను 1882లో ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి. వాళ్లు బడి పెట్టారు, పని చూపించారు, బైబిలు చదివించారు. ఆ మేలును మేము కాదనం. కానీ అక్కడ ప్రార్థనా హాజరూ ఒకే గేటులోంచి వచ్చాయి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే వీలు కూడా చట్టంలోనే ఉంది. వార్డెన్ ఉద్యోగంలో ఉండి ఆ మాట చదివితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

దొంగతనం చేయకపోవడం మంచి గుణమే. పోలీసు లెక్కపెడుతున్నాడని చేయకపోతే దాన్నేమనాలి? గలతీయులకు రాసిన పత్రికలో పౌలు ప్రేమ, దీర్ఘశాంతం, దయ, సాత్వికం లాంటి తొమ్మిదింటిని ఆత్మఫలం అన్నాడు. కాయ పండడానికి దాని కాలం దానికుంటుంది, కాపలా పెడితే త్వరగా పండదు.

దాదాపు అదే రోజుల్లో, తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఇంకో అలవాటు పెరిగింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన సంఘాల్లో ఇల్లాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం అది గుడికి వెళ్లేది. కూలి దొరకని రోజు, ఇంట్లో సోలెడే ఉన్న రోజు కూడా పిడికెడు తీయాల్సిందే. పోలీసూ లేడు, పాసూ లేదు. చూసేది ఇంట్లో పిల్లలు మాత్రమే. మా అమ్మమ్మ కుండ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అంచు పగిలింది. ప్రసంగాల్లో విన్నది చాలావరకు మరిచిపోయాం గానీ ఆ చెయ్యి కుండలోకి వెళ్లడం మరిచిపోలేదు.

చట్టం 1947లో మద్రాసులో, 1952 ఆగస్టు 31న దేశమంతా పోయింది. పేరు మాత్రం పోలేదు, సినిమాలు దాన్ని ఇంకా వాడుకున్నాయి. 1970లలో స్టువర్టుపురం వాళ్ల కోసం పనిచేసిన హేమలతా లవణం, లవణం దంపతులు నాస్తికులు. ఆమె జాషువా గారి కూతురు. ఓర్పు ఒక్క గుడిలోనే దొరుకుతుందని మేము అనుకోకపోవడానికి వాళ్లూ ఒక కారణం.

మాది ప్రభుత్వ హాస్టల్. ఏ ప్రార్థనా పెట్టించం, పడుకునేముందు ఎవరిది వాళ్లదే. ఆ మధ్య ఒక కొట్లో డబ్బు కనపడకపోతే కొట్టాయన ముందు మా ఎనిమిదో తరగతి పిల్లాడి జేబులు వెతికాడు. డబ్బు ఆయన పద్దు పుస్తకంలోనే దొరికింది. పొరపాటైందని ఒక్క మాట అనలేదు. పిల్లాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మేము వెళ్లి ఆయనతో గట్టిగానే మాట్లాడి వచ్చాం. పిల్లాడికి మాత్రం క్షమించరా అని చెప్పలేకపోయాం. తప్పు ఒప్పుకోని మనిషిని క్షమించమని పదమూడేళ్ల వాడికి పాఠం చెప్పడం మాకు చేతకాలేదు. రాత్రిళ్లు వాడు దుప్పటి కప్పుకుని చాలాసేపు ప్రార్థన చేసుకునేవాడు. ఏమని అడిగేవాడో మేము వినలేదు.

మూడు నెలలకు అదే కొట్లో పెన్ను కొనుక్కుని వచ్చాడు. ఆ రాత్రి పేరు పిలిస్తే అందరికంటే గట్టిగా "ప్రెజెంట్" అన్నాడు. ఎందుకెళ్లావురా అని మేము అడగలేదు.