హోసూరు ప్రాథమిక పాఠశాలలు: తెలుగు బడి, తమిళ బడి

తమిళనాడు వాయవ్య సరిహద్దున, మైసూరు పీఠభూమి అంచున నున్న హోసూరు మూడు భాషల కూడలి. 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము ఈ సీమ కుంఫిణీవారి వశమై సేలము జిల్లాలో చేరెను. 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును మారెను. జిల్లాలు మారినను ఇంటి భాషలు మారలేదు. పొలములందును, సంతలందును తెలుగు, కన్నడము, తమిళము కలసియే వినవచ్చుచుండెను. రాజాజీ జన్మస్థలమైన తొరపల్లి ఈ ఊరికి సమీపముననే కలదు. ఆయన బాల్యమున చదివినదియు హోసూరు ప్రభుత్వ పాఠశాలయందే.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరెను. అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది ప్రతి రాష్ట్రమునకు విధించినది. అంతకు పూర్వమే, 1949లో, రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము ఒక కొలత నేర్పరచెను: బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష బిడ్డలున్నచో, ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను.

ఇట్టి ఊరిలోని తమిళ మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలను, తెలుగు మాధ్యమపు పాఠశాలను మేము ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. రెంటను జీతములు సర్కారువే. మధ్యాహ్న భోజన మొక్కటే. 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పిన, 30 మంది బిడ్డలకు ఒక ఉపాధ్యాయుడను లెక్కయు ఒక్కటే. తెలుగు మాధ్యమపు పాఠ్యపుస్తకములను సైతము తమిళనాడు ప్రభుత్వమే అచ్చొత్తించుచు వచ్చినది. ఇంతవరకు తారతమ్యము లేదు.

భేదము వేరొక చోట నున్నది. తమిళ బడి ఉపాధ్యాయుడు బదిలీయైనచో ఆ స్థానమునకు రాదగినవారు రాష్ట్రమంతట కలరు. లెక్కలను, విజ్ఞానమును తెలుగున చెప్పగలవారు కొలదిమందియే. ఒక తమిళ బడి మూతపడినచో బిడ్డలు మరియొక తమిళ బడికి పోగలరు. తెలుగు బడి మూతపడినచో దాపున రెండవది దొరకుట అరుదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి నిర్బంధ పాఠ్యాంశమై, ఏటికొక తరగతి చొప్పున సాగి, 2015-16లో పదవ తరగతిని చేరెను. మాతృభాష ఐచ్ఛిక స్థానమునకు జరిగెను. తమిళము మనకు అన్నము పెట్టు నేల భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. కాని తమిళ బాలుడు రెండు భాషలు మోయుచుండగా తెలుగు బాలునిపై మూడు పడుచున్నవి.

కావున రెండు బడులకు సర్కారు ఇచ్చునది ఇంచుమించు సమానమే యైనను, తెలుగు బడి ఆయువు మాత్రము ఆ 40, ఆ 10 సంఖ్యలపైననే ఆధారపడియున్నది. మన బిడ్డలను ఆంగ్ల మాధ్యమమునకు పంపి, తెలుగు ఉపాధ్యాయుని నియమింపలేదని సర్కారును నిందించుట న్యాయము గాదు. సంఖ్య యుండియు ఉపాధ్యాయుడు లేనిచోట మాత్రము అడుగుట మన హక్కు. బడిలో చేర్చునపుడు మాతృభాష యను చోట ‘తెలుగు’ అని తప్పక వ్రాయింతము. ఏ బడికి పంపినను, ఓనమాలు ఇంట దిద్దింతము. అధికరణము దారి చూపినది, నడువవలసినవారము మనమే.