ఉగాది ముందు చెడగొట్టు వాన

ఫోన్‌లో వీడియో నడుస్తోంది. రోడ్డు కనపడటం లేదు. పొలం కనపడటం లేదు. ఎటు చూసినా తెల్లటి రాళ్లే. ఓ కుర్రాడు దోసిళ్లతో ఎత్తి చూపిస్తున్నాడు. కశ్మీర్ లెక్క ఉందని వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు. అది కశ్మీర్ కాదు. వికారాబాద్ జిల్లా మర్పల్లి. 2023 మార్చి 16, గురువారం. వీడియో చూస్తున్న మనిషి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరంలో, ఖమ్మం జిల్లా బోనకల్ మండలంలో, మిరప కల్లం గట్టున నిలబడి ఉన్నాడు. ఫోన్ జేబులో పెట్టి పడమటి దిక్కు చూశాడు. మబ్బు లేదు. గాలి మాత్రం ఆగిపోయింది.

"ఏందయ్యా, అట్లా చూస్తన్నవు?"

"పట్టాలు తియ్యి. కాయ కప్పేద్దాం."

"ఎండ ఉండంగనేనా?"

"తియ్యవే ముందు."

కల్లంలో ఎకరం కాపు ఆరుతోంది. తేజ రకం. ఆ సీజన్‌లో ఖమ్మం మార్కెట్లో క్వింటాలు 20 వేలు దాటి పలుకుతున్న కాయ. ఒక్క జల్లు తగిలితే చాలు, రంగు పోయి తాలు కాయలో కలుస్తుంది. కప్పితే ఇంకో గండం. పట్టా కింద ఆవిరి పడుతుంది. తొడిమె మెత్తబడుతుంది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది. ఒక రోజు అట్లాగే వదిలేస్తే బూజు. మబ్బు పడితే పరుగెత్తి కప్పడం, ఎండ తగలగానే పట్టా లాగి కాయను కాళ్లతో తిరగదోయడం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఉరుము వినపడితే కంచం వదిలేసి మళ్లీ పరుగెత్తడం, కప్పిన పట్టా అంచుల మీద రాళ్లు పేర్చేలోపే మబ్బు విడిపోయి నెత్తి మాడ్చే ఎండ కాయడం, శుక్రవారం పొద్దంతా ఆ మొగుడూ పెళ్లాలకు ఇదే సరిపోయింది. సాయంత్రానికి ఆమె అరచేతులు మిరప ఘాటుకు భగభగ మండుతున్నాయి. కాయ తడవలేదు. కానీ వాళ్ల అసలు పెట్టుబడి కల్లంలో లేదు.

అది చేలో ఉంది. మూడెకరాల మొక్కజొన్న. సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పెరిగిన పైరు. మనిషిని మించిన ఎత్తు. కంకి కట్టింది, గింజ ఇంకా గట్టిపడలేదు. ఉగాది పోయాక కోత మిషన్‌కు మాట ఇచ్చి ఉన్నారు. ఉగాది మార్చి 22. అప్పటిదాకా ఆకాశం ఆగాలి.

ఆగే సూచనలు లేవు. మార్చి వచ్చిందంటే తెలంగాణ నేల పొద్దున పదింటికే కాగిపోతుంది. పైన వాయవ్యం నుంచి పొడిగాలి. కింద బంగాళాఖాతం మీది నుంచి తేమ గాలి. ఈ రెండూ ఎదురెదురుగా వచ్చి ఒరుసుకునే చోట ద్రోణి ఏర్పడుతుంది. ఆ గీత వెంబడి కాగిన గాలి నిట్టనిలువుగా లేచిపోతుంది. మధ్యాహ్నం ఆకాశంలో చిన్న తెల్ల మబ్బుగా కనిపించింది, సాయంత్రానికి పది కిలోమీటర్ల ఎత్తున్న క్యుములోనింబస్ అయి కూర్చుంటుంది. లోపల నీటిబొట్టు పైకి విసిరితే గడ్డకడుతుంది, జారితే తడి పూసుకుంటుంది, మళ్లీ పైకి పోయి ఇంకో పొర గడ్డకడుతుంది. ఎగదోసే గాలి మోయలేనంత బరువయ్యాక కిందికి పడుతుంది. మర్పల్లిలో పడ్డది అదే. ఏ మండలం మీద మబ్బు లేస్తుందో రెండు రోజుల ముందు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల పేర్లు చెబుతూ హెచ్చరికలు ఇస్తూనే ఉంది. చేను మాత్రం ఇంటికి తెచ్చి దాచుకునేది కాదు కదా.

శనివారం రాత్రి. విజయవాడ వైపు పోయే రైలు కూత రోజూకంటే దగ్గరగా వినపడింది. ఉక్క పోస్తోంది. ఆమె మంచం వాకిట్లోకి లాక్కుంది. అతను కల్లం దగ్గరే పడుకున్నాడు. పడమట మెరుపు. చప్పుడు లేదు. మళ్లీ మెరుపు. ఈసారి ఉరుము దాని వెంటే వచ్చింది.

కరెంటు పోయింది.

మొదట దుమ్ము లేచింది, దుమ్ము వెనకే తడిమట్టి వాసన, వాసన వెనకే గాలి, ఆ గాలి కల్లం మీది పట్టా అంచు కిందికి దూరి రాళ్లతో సహా లేపేస్తుంటే అతను అడ్డంగా పడుకుని ఒంటి బరువంతా దాని మీద వేశాడు, టార్చి లైటు ఎటో దొర్లిపోయింది, చీకట్లో ఆమె పిలుస్తూ పరుగెత్తుకొచ్చి రెండో కొస మీద కూలబడింది, చినుకులు వీపు మీద గులకల్లా తగులుతుంటే ఇద్దరూ కళ్లు మూసుకుని ఒకటే ఎదురు చూశారు: రాళ్లు పడతాయా?

పడలేదు. అరగంటకు వాన తగ్గింది. పట్టా ఉంది. కాయ దక్కింది.

"బతికినమే," అన్నాడు.

ఆమె మాట్లాడలేదు. చేని వైపు చెవి పెట్టి వింటోంది. గాలికి గలగలమనే ఆకు చప్పుడు అటు నుంచి రావడం లేదు.

తెల్లారి చూస్తే చేనంతా పడుకుని ఉంది. రోలర్ తొక్కించినట్టు, ఒకే దిక్కుకు. గాలి పోయిన దారి తెలుస్తోంది. కొన్ని మొదళ్లు విరిగాయి. కొన్ని వేళ్లతో సహా లేచాయి. కంకులు బురదలో ఉన్నాయి. ఆమె వంగి ఒకటి విరిచింది. పొత్తి ఒలిచింది. పీచు తడిసి వేళ్లకు అంటుకుంది. గింజ మీద బొటనగోరు నొక్కింది. గోరు దిగింది. తెల్లటి పాలు చిమ్మాయి. ఇంకో సాలులో ఇంకో కంకి. మళ్లీ గోరు దిగింది. గట్టిపడకుండానే పడింది. ఇక నిండదు, ముడుచుకుపోతుంది. కాస్త ముదిరినవి నేల తడికి మొలకెత్తుతాయి. పడ్డ పైరులోకి మిషన్ దిగదు. చేత్తో ఏరాలంటే కూలి గింజ ఖరీదును మించుతుంది. సర్కారు తరఫున ఎవరైనా వచ్చి చూసి రాసుకుంటేనే ఆశ.

సోమవారం వ్యవసాయ విస్తరణ అధికారి, ఏఈఓ, వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి. చెప్పులు చేతిలో పట్టుకుని మోకాలి లోతు బురదలో చేనుకు అడ్డంగా నడిచింది. ఫొటోలు తీసింది. నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి వస్తుంది. ఇక్కడ లెక్క పెట్టాల్సిన పనే లేదు. పుస్తకం తెరిచింది.

"పట్టాదారు పేరు?"

అతను చెప్పాడు. తన పేరు కాదు. ఖమ్మం టౌన్లో ఉండే ఆసామి పేరు.

"మరి మీరు?"

"కౌలు, మేడం."

పెన్ను ఆగింది. పంట పోయిన నాడు కౌలు రైతు ఎంత ఒంటరివాడో ఆ ఆగిన పెన్నులో ఉంది. అప్పట్లో రైతుబంధు ఎకరాకు సీజన్‌కు 5 వేలు. అది పాస్‌బుక్ ఉన్నవాళ్లకే. ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లోనే బయటికొచ్చేసింది. విత్తనం అతనిది, మందుకట్ట అతనిది, అప్పు అతనిది. కాగితం మీద మాత్రం అతను ఎక్కడా లేడు.

"రాయి మేడం," అంది ఆమె గట్టు మీది నుంచి. "కాలమ్ లేకపోతే పక్కన రాయి. మా పేరు రాయనిది నువ్వు గట్టు దిగవు."

ఏఈఓ ఆమె వైపు చూసింది. పట్టాదారు పేరు రాసింది. దాని పక్కన చిన్న అక్షరాల్లో అతని పేరు, ఫోన్ నంబరు. కౌలు అని రాసి కింద గీత గీసింది. "పైకి పంపుతా అన్నా. అక్కడ ఏమంటారో నా చేతిలో లేదు."

బుధవారం ఉగాది. శోభకృత్ నామ సంవత్సరం. గుళ్లో పంచాంగం చదువుతున్నారు, మైకు ఊరంతా వినపడుతోంది. వాళ్లింట్లో వేపపువ్వు పచ్చడి చేశారు. పులుపుకు మామిడి వెతుక్కోనక్కర్లేదు. రాలిన పిందెలు తోట గట్టున గంపల కొద్దీ ఉన్నాయి, ఎవరు ఏరుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ సాయంత్రం వార్త వచ్చింది. రేపు ముఖ్యమంత్రి మన మండలానికే వస్తున్నాడు.

గురువారం హెలికాప్టర్ దిగింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, నేలకొరిగిన మొక్కజొన్న చేలల్లో నడిచారు. బోనకల్ తర్వాత మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర, వరంగల్ జిల్లా దుగ్గొండి, కరీంనగర్ జిల్లా రామడుగు. రాష్ట్రం మొత్తం మీద 2.28 లక్షల ఎకరాల్లో పంట పోయిందని, అందులో 1.29 లక్షల ఎకరాలకు పైగా మొక్కజొన్నేనని చెప్పారు. కేంద్రం లెక్కల ప్రకారం ఎకరాకు మొక్కజొన్నకు రూ.3,333, వరికి రూ.5,400, మామిడికి రూ.7,200. అవి ఏ మూలకూ చాలవంటూ ఎకరాకు రూ.10 వేలు ప్రకటించారు. కౌలు రైతులనూ ఆదుకుంటామన్నారు. జనం వెనక వరసలో ఆ మాట చెవిన పడగానే అతను పెళ్లాం మొహం చూశాడు. మూడెకరాలు. ముప్పై వేలు. పడితే ఎవరి ఖాతాలో?

రాత్రి ఖమ్మంలోని ఆసామికి ఫోన్ కలిసింది.

"బాబాయ్, నేను. చేను సంగతి విన్నవు గదా."

"విన్నరా. పాపం. ఏం చేస్తం, దేవుడి పని."

"సర్కారు ఎకరాకు పదివేలు అన్నది. కౌలోళ్లకు కూడా అన్నది. నువ్వొక మాట చెబితే..."

అటు నుంచి టీవీ చప్పుడు. "పాస్‌బుక్ నా పేరున గదరా ఉన్నది. నా ఖాతాలో పడితే పడనీ. అప్పుడు చూద్దాం. కౌలు బాకీలో పట్టుకుంటలే."

అతను గుటక మింగాడు. ఆమె ఫోన్ లాక్కుంది.

"బాబాయ్, నేను మాట్లాడుతన్న. కౌలు ఇస్తమని నోటితో ఒప్పుకున్నం. కల్లంలో కాయ ఉంది, అమ్మి ఇస్తం. ఒక్క రూపాయి ఎగ్గొట్టం. చేలో పోయింది మాత్రం మాది. విత్తనం పెట్టింది నేను, నీళ్లు కట్టింది ఆయన. ఆ పైసలు మావి. నీ భూమిని ఎవరూ అడగటల్లేదు. పంట వీళ్లదే అని ఒక కాయితం మీద రాసియ్యి. రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తన్నం."

టీవీ చప్పుడు ఆగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమోనని ఆమె ఫోన్ చెవి నుంచి తీసి చూసింది. తెగలేదు.

"ఆధార్ జిరాక్సులు రెండు తెచ్చుకోండి," అన్నాడు ఆసామి. "బ్యాంకు పుస్తకం కూడా."