మన ఇళ్లలో తెలుగు వినిపించిన రిపేరు రేడియోలు



తిరుత్తణి, తిరువాలంగాడు, పళ్లిపట్టు పక్క తెలుగు ఇళ్ల చరిత్ర అంటే మనం ఎప్పుడూ సరిహద్దు కథే చెప్పుకుంటాం. పటాస్కర్ తీర్పు, 1959 చట్టం, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలవడం. ఆ కథలో ఒక వస్తువుకు కూడా చోటివ్వాలి. అది రేడియో. అదీ కొత్త రేడియో కాదు, పదిసార్లు విప్పి బిగించిన రేడియో.

సరిహద్దు మారాక బడి తమిళమైంది. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ తమిళంలోనే. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్లు పెద్దబాలశిక్ష ముందు పెట్టి నేర్పినవే. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వంటింటికీ పొలానికీ సరిపోయేది. ఎన్నికల సంగతి, పైరుకు పట్టిన తెగులు సంగతి, ఒక నాటకం, ఒక హరికథ తెలుగులో చెవిన పడాలంటే చాలా ఇళ్లలో రేడియోనే దారి.

మన వైపు రేడియో పుట్టిందే విడి భాగాలు కూర్చిన చేతులతో. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి మద్రాసులో రేడియో క్లబ్బు పెట్టారు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న భాగాలతో 40 వాట్ల ట్రాన్స్‌మిటర్ తయారు చేశారు. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. దాని సామాను కార్పొరేషన్‌కు చేరి, 1930లో మళ్లీ ప్రసారం మొదలైంది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం వచ్చింది. దాంట్లో తమిళంతోపాటు తెలుగూ వినిపించేది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వాళ్లు హైదరాబాదు వెళ్లారు. విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో వచ్చాయి. అట్లా తెలుగు గొంతు మద్రాసు నుంచి ఉత్తరానికి జరిగింది. మనం మాత్రం ఉన్నచోటే ఉన్నాం.

ఇప్పుడు దూరాల లెక్క చూడండి. తిరువాలంగాడు నుంచి మద్రాసు రైల్లో 60 కిలోమీటర్లు. కడప నేరుగా గీత గీస్తే సుమారు 180. విజయవాడ 400కు దగ్గర. మద్రాసు మీడియం వేవ్ మన ఊళ్లలో గంట కొట్టినట్టు వినిపిస్తుంది. కడప పగలు సన్నగా వస్తుంది. విజయవాడ రావాలంటే పొద్దు గుంకాలి. పగటి ఎండకు ఆకాశంలో తయారయ్యే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర కరిగిపోతే, తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి దూరాన దిగుతాయి. అందుకే రాత్రిపూట విజయవాడ అలలాగా దగ్గరికొస్తూ, దూరం పోతూ వినిపించేది.

అసలు సంగతి ఇక్కడ ఉంది. రేడియో ఒక్కసారిగా చచ్చిపోదు, మెల్లమెల్లగా చెవుడు పడుతుంది. లోపల ఒక వాల్వు బలం తగ్గినా, ఫెర్రైట్ కడ్డీ విరిగినా, తెలియని చెయ్యి ఐ.ఎఫ్. కాయిళ్ల మరలు తిప్పినా, పక్కనున్న మద్రాసు వినిపిస్తూనే ఉంటుంది. పోయేది దూరపు స్టేషన్లే. మద్రాసులో ఒక తమిళ ఇంటికి ఆ రేడియో బాగున్నట్టే లెక్క. మన ఇంట్లో మాత్రం తెలుగు ఆగిపోయినట్టు. అందుకే మనవాళ్లు రిపేరు కొట్లో 'మోగడం లేదు' అనేవాళ్లు కాదు, 'కడప రావడం లేదు' అనేవాళ్లు. బాగు చేసినవాడి పనితనానికీ అదే పరీక్ష. కడప వినిపించాకే డబ్బులు.

కొత్త రేడియో కొనడం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి తోడు లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980లలో దాన్ని తీసేశారు. కాబట్టి ఉన్న రేడియోను ఎట్లాగైనా బతికించుకోవాల్సిందే. కొత్త భాగాలు ఖరీదు, పాత రేడియోల్లో ఊడదీసినవి చవక.

ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే పాత వాల్వు రేడియోల్లో వాల్వుల ఫిలమెంట్లు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉండేవి. పండగ సీరియల్ బల్బుల్లాగే, ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. చూసేవాళ్లకు రేడియో మొత్తం పోయినట్టే. నిజానికి పోయింది ఒక వాల్వు, మిగతావి బాగుంటాయి. అదే రకం రేడియో ఇంకొకటి వేరే వాల్వు పోయి మూలపడి ఉంటే, రెండు చచ్చిన రేడియోల నుంచి ఒక బతికిన రేడియో వస్తుంది. గుయ్‌మని శబ్దం వస్తే ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్ మార్చాలి. స్పీకర్ కాగితం చినిగితే పల్చటి కాగితం బంకతో అతికించాలి. ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాక పచ్చబడిన బ్యాటరీ రేకులను ఉప్పుకాగితంతో రుద్దడం ఇంట్లో పిల్లల పని. డయల్ ముల్లు దారం తెగితే నైలాన్ దారం కట్టేవాళ్లు. చక్రాల చుట్టూ దాన్ని సరిగ్గా చుట్టడానికి కంచి పట్టు నేసేంత ఓపిక కావాలి.

ఊళ్లో దొరకని భాగానికి రైలెక్కాల్సిందే. సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్. 1900లో తెరిచిన ఆ ఎర్ర భవనంలో, దాని చుట్టూ, పాత పుస్తకాల నుంచి పాత స్పీకర్ల దాకా అన్నీ దొరికేవి. కాయిళ్లు, గ్యాంగ్ కండెన్సర్లు, నాబ్‌లు కుప్పపోసి అమ్మేవాళ్లు. కొత్త సామాను కావాలంటే మౌంట్ రోడ్డు దగ్గర రిచీ స్ట్రీటు. అరక్కోణం లైన్లో ఉన్న మనకు రెండూ పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే దూరం. 1985 మే 30న మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ చోటు రైల్వే చేతికొచ్చింది. ఇప్పుడు మన తిరువళ్లూరు, అరక్కోణం లోకల్ బళ్లు బయలుదేరేది అక్కడినుంచే. ఆ సబర్బన్ స్టేషన్‌ను రైల్వేలో నేటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పిలుస్తాం. టిక్కెట్టు మీద ఆ పేరు చూసే కుర్రవాళ్లలో అక్కడ ఏం అమ్మేవాళ్లో తెలిసినవాళ్లు తక్కువ.

తర్వాత టీవీ వచ్చింది, ఎఫ్.ఎం. వచ్చింది. ఎఫ్.ఎం. ఎక్కువ దూరం పోదు. ఒకే చిప్పులో అన్నీ ఇమిడిన చవక రేడియోలు వచ్చాక, బాగుచేసే కూలి రేడియో ధరను మించింది. రిపేరు కొట్లు సెల్‌ఫోన్ కొట్లయ్యాయి. కడప కోసం కాయిలు సరిచేసే చెయ్యి ఊళ్లో లేకుండా పోయింది.

నేడు ప్రసార భారతి యాప్‌లో కడప, విజయవాడ రెండూ పగలూ రాత్రీ తేడా లేకుండా వినిపిస్తాయి. దూరం అనే సాకు పోయింది. మన పిల్లలకు ఆ యాప్ ఎక్కించిన ఇళ్లు ఎన్ని? మా కాలంలో ఒక తెలుగు వార్త వినడానికి ఒక వాల్వు వెతుక్కుంటూ మద్రాసు పోయినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు వేలు కదిపితే చాలు, కానీ కదపడం లేదు. 1960లో గీత గీసింది సర్కారు. ఇప్పుడు మన ఇళ్లలో తెలుగు ఆగిపోతే ఆ మాట సర్కారు మీద వేయలేం.

మాకు తోచిన రెండు పనులు చెబుతాం. ఒకటి, అటకల మీదున్న రేడియోలను, లైసెన్సు పుస్తకాలను పాత ఇనుముకు వేయకండి. ఒక్కో సంతకం, ఒక్కో ముద్ర మన ఊళ్ల చరిత్రకు సాక్ష్యం. అయితే పాత ఏసీ, డీసీ రేడియోలను మాత్రం ప్లగ్గులో పెట్టి మూత తీయకండి, లోపలి రేకులోనే కరెంటు ఉంటుంది, ప్రాణాలు పోతాయి. రెండు, రేడియో బాగుచేసిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ భాగం ఏ రేడియో నుంచి తెచ్చారో, ఏ స్టేషన్ కోసం తెచ్చారో అడిగి, వాళ్లు చెప్పే మాటల్లోనే రాసుకోండి. తెలుగు రాయడం రానివాళ్లు తమిళ లిపిలో రాసినా సరే. మేము కూర్చుని తెలుగులోకి ఎత్తి రాస్తాం.