చెర్రీ కలప కథ

చెర్రీ అనగానే మన పిల్లలకు కేకుపై మెరిసే ఎఱ్ఱని పండు జ్ఞప్తికి వచ్చును. అంగళ్ళలో ఆ పేరున దొరికేవి పెక్కు పర్యాయములు పంచదార పాకములో ఊరి, రంగు పట్టించుకొన్న వాక్కాయలే. ఆ రహస్యమును అటుండనిచ్చి, నేడు మేము ముచ్చటింపదలచినది పండును గూర్చి కాదు, కలపను గూర్చి.

ఉత్తర అమెరికా తూర్పు అడవులలో నల్ల చెర్రీ అను వృక్షము పెరుగును. దాని పండు చిన్నది, ఒకింత చేదు. బెరడు దగ్గుమందులకు పనికివచ్చినది. దాని చేవ ఎంత గొప్పదో వడ్రంగులు త్వరగానే గుర్తించినారు. కాని ఆ గొప్పతనమును దాని పేరుననే చాటుటకు చాలకాలము వెనుకాడినారు.

పదునెనిమిదవ శతాబ్దములో అమెరికా తీరనగరములలోని సంపన్నులకు మహాగనిపై మోజు హెచ్చు. అది కరీబియన్ ద్వీపములనుండి ఓడలపై రావలెను, వెల అధికము. కనెక్టికట్ నదీలోయలోని పనివారికి చెర్రీ పెరటిచెట్టువంటిది. ఆ లోయలోని ఈస్ట్ విండ్సర్‌కు చెందిన ఎలిఫలెట్ చాపిన్ (1741-1807) ఫిలడెల్ఫియాలో పని నేర్చి, 1771లో స్వస్థలమునకు మరలివచ్చి, ఆ మహానగరపు ఫక్కిలోనే కుర్చీలను, సొరుగుల బీరువాలను చెర్రీతో నిర్మించినాడు. అయినను పలువురు పనివారు చెర్రీపై ఎఱ్ఱని పూత పూసి మహాగనిగా భ్రమింపజేసినారు. 'న్యూ ఇంగ్లండు మహాగని' అనుటయే దానికి దక్కిన బిరుదు. ఇంట ఉన్న బంగారమునకు ఇత్తడి మెరుగు పెట్టుట వంటిది ఈ పని అని మా అభిప్రాయము.

ఏలయన, చెర్రీకి వన్నెను తెచ్చిపెట్టవలసిన అవసరము లేదు. కోసిన క్రొత్తలో చేవ లేత గులాబి ఛాయలో ఉండును. వెలుతురు సోకిన కొలది తొలి నెలలలోనే ముదురును. ఏండ్లు గడిచిన కొలది ఎఱుపు, గోధుమ కలసిన గాఢమైన వన్నెకు తిరుగును. క్రొత్త బల్లపై ఒక పుస్తకమును కొన్ని వారములు కదల్పక ఉంచి తీసినచో, దాని క్రింద లేత రంగు చతురస్రము కనబడును. పైపూత రంగులు వేసినచో ఈ కలప మచ్చలు మచ్చలుగా పీల్చుకొనును. వట్టి అవిసెనూనె చాలును.

ఆరిన చెర్రీ ఘనపు అడుగు సుమారు 35 పౌన్లు తూగును. టేకు 40 పౌన్లకు సమీపము. నార సన్నము, సమము. చిత్రిక పట్టినచో పట్టువలె నునుపెక్కును. కాని మొండి రంపమును సహింపదు. యంత్రపు రంపము ఒక్క క్షణము తడబడినను కలప కమిలి నల్లని చార పడును. ఆరిన పిమ్మట అంతగా వంగదు, మెలి తిరుగదు. అందుచేతనే అచ్చుకూటములలో లోహపు బ్లాకులకు పీఠముగా దీనినే కోరినారు.

పూత లేని చెర్రీకి గౌరవము తెచ్చినవారిలో షేకర్లు అను భక్తసమాజమువారు ముఖ్యులు. ఆన్ లీ అను స్త్రీ కొలదిమంది అనుచరులతో 1774లో ఇంగ్లండు నుండి న్యూయార్కు చేరినది. వీరు బ్రహ్మచర్యమును, ఉమ్మడి ఆస్తిని పాటించినారు. కేవలము అందముకొరకు చేయు అంచుల పనితనమును వీరి 1845 నాటి నియమావళి నిషేధించినది. మౌంట్ లెబనాన్‌లో వీరు చేసిన చెర్రీ దీపపు పీటను చూడుడు: గుండ్రని పలక, నడుమ సన్నని స్తంభము, మూడు వంపుకాళ్ళు. కాళ్ళ మొనలను పావురపు తోకవలె చెక్కి స్తంభములోనికి జొనిపినారు. చెక్కడపు పూలు లేవు, లతలు లేవు. నేడు మ్యూజియములు వాటిని అపురూపముగా దాచుకొన్నవి.

ఈ కలపకు నేడు ప్రసిద్ధి కెక్కిన చోటు పెన్సిల్వేనియాలోని అలిఘనీ పీఠభూమి. ఆ ప్రసిద్ధి ఒక విధ్వంసమునుండి పుట్టినది. 1890-1920 నడుమ తోళ్ళ పరిశ్రమకు బెరడు కొరకును, కలప కొరకును అచటి ప్రాచీనారణ్యమును ఇంచుమించు నేలమట్టము చేసినారు. ఎండ కోరు చెర్రీ ఆ బట్టబయలున వేగముగా లేచినది. 1923లో జాతీయారణ్యముగా ప్రకటితమైన ఆ అడవికి తరువాత జింకలు కూడ తోడైనవి. అవి మేపుల్ మొలకలను మేసి చెర్రీని వదలినవి. దాని ఆకులో సయనైడును పుట్టించు పదార్థము కలదు, వాడిన ఆకు తిన్న పశువులు మరణించుట కద్దు.

అట్లు లేచిన చెట్లలో పెక్కింటికి ఇప్పుడు నూఱేండ్లు నిండినవి. వాటి క్రింద చెర్రీ మొలకలు మునుపటివలె కానవచ్చుట లేదని ఈ శతాబ్దములో అటవీ శాస్త్రజ్ఞులు గమనించినారు. కంచెలు కట్టి, గింజలు లెక్కించి, కారణములు వెదకుచున్నారు.