వడ్లు, బియ్యం, ఒక జన్యు రిపోర్టు

పుట్టింటివాళ్లనీ అత్తింటివాళ్లనీ కలుపుకుంటే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లం మాలో ఐదుగురం ఉన్నాం. ఏలూరులో నేను, తాడేపల్లిగూడెంలో మా తోడికోడలు, కైకలూరు దగ్గర కొల్లేటి ఊళ్లో మా పిన్ని, ఇంకో ఇద్దరు. పెళ్లిళ్లలో కలిస్తే చీరల సంగతి అయ్యాక వచ్చే మాట, "నీది ఎంత పవరు?" అనే. యాభయ్యా, డెబ్బై అయిదా, వందా అని.

ఈ మధ్య ఆ మాటల్లోకి కొత్తగా జన్యు పరీక్ష వచ్చి చేరింది. మా తోడికోడలికి వాళ్ల తమ్ముడు హైదరాబాదు నుంచి ఆ పరీక్ష చేయించాడు. చిన్న గొట్టంలో ఉమ్మి పంపితే కొన్నాళ్లకి రిపోర్టు వచ్చింది. అందులో ఎర్ర అక్షరాలతో "టీ4ని టీ3గా మార్చే సామర్థ్యం తక్కువ" అని ఉంది. కింద డీఐఓ2 అనే పేరు, దాని పక్కన "సీసీ" అని రెండక్షరాలు.

దానికి భయపడుతుందనుకున్నాను. తను సంతోషపడింది! "చూశావా అక్కా, నాది బద్ధకం కాదంట, పుట్టుకతోనే ఉందంట" అంది. ఆరేళ్లుగా మాత్ర వేసుకుంటోంది. టీఎస్‌హెచ్ సరిగ్గానే ఉంటుంది. మధ్యాహ్నానికి మాత్రం ఒళ్లు కూలబడిపోతుంది. "పరీక్షలో ఏమీ లేదుగా, ఇంకేం నీరసం?" అన్న మాట ఇంట్లో ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఆ కాగితం తన తరఫు సాక్షిలా కనబడింది.

ఆ సంతోషంలోనే రెండు నిర్ణయాలు కూడా చేసేసుకుంది. ఇప్పుడు వేసుకునే మాత్ర మానేసి టీ3 మాత్ర తెప్పించుకోవాలని ఒకటి. డిగ్రీ చదివే కూతురికీ ఈ పరీక్ష చేయించాలని రెండోది. అందుకే ఆ రెండక్షరాల వెనక కథేమిటో కూర్చుని చదివాను. అది నూట ముప్పై ఏళ్లు దాటిన కథ.

ముందు ఈ మార్పిడి అంటే ఏమిటో మన వడ్ల లెక్కలో చెబుతాను. మెడలోని థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4, అంటే థైరాక్సిన్. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అది గాదెలో వడ్ల లాంటిది, నిలవ ఉంటుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి వారం పడుతుంది. ఒంట్లో అసలు పనిచేసేది టీ3. టీ4 నుంచి ఒక అయోడిన్ తీసేస్తే వచ్చేది అదే, మన బియ్యమన్నమాట. అది ఒక రోజు అటూ ఇటూగా సగమైపోతుంది. ఈ దంపుడు చేసే ఎంజైములున్నాయి. కాలేయం, మూత్రపిండాల్లో ఉన్నది ఊరి మిల్లులాంటిది. మెదడులాంటి చోట్ల ఉన్నది ఎవరింట్లో వాళ్లు దంచుకునే రోలూ రోకలీ లాంటిది. ఆ రోకలి ఎలా ఉండాలో రాసి ఉన్న జన్యువే డీఐఓ2.

ఇక చరిత్ర. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు దగ్గరికి 46 ఏళ్ల ఆవిడ వచ్చింది. ముఖం ఉబ్బి, మాట మందగించి, ఎప్పుడూ చలి. ఆయన గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన రసం సూదితో ఎక్కించాడు. ఆవిడ కోలుకుని, తర్వాత ఆ మందు నోటితో తీసుకుంటూ 74 ఏళ్ల దాకా బతికింది. ఆ 28 ఏళ్లలో ఆవిడకి పట్టిన మందుకి 870కి పైగా గొర్రెల గ్రంథులు కావాల్సి వచ్చాయి. మనం నెలకోసారి మందుల షాపులో తెచ్చుకునే చిన్న సీసా వెనక అంత మంద ఉంది.

1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ని స్ఫటికాలుగా విడదీశాడు. తర్వాత మూడు టన్నుల పంది గ్రంథులు వాడితే ఆయనకి దక్కింది 33 గ్రాములు. 1927లో ఛార్లెస్ హారింగ్టన్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగాడు. దాంతో అంతా తెలిసిపోయిందనుకున్నారు. కానీ 1952లో లండన్‌లో రోజలిండ్ పిట్-రివర్స్ అనే శాస్త్రవేత్త, జాక్ గ్రాస్‌తో కలిసి రక్తంలో టీ3ని కనిపెట్టింది. బియ్యం ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. 1970లో బ్రేవర్మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ అనే ముగ్గురు, సొంత థైరాయిడ్ పనిచేయనివాళ్లకి టీ4 మాత్రమే ఇచ్చి చూస్తే వాళ్ల రక్తంలో టీ3 కనబడింది. అంటే ఒళ్లే దంచుకుంటోంది! ఒక్క టీ4 మాత్ర చాలు అన్న ఇవాళ్టి వైద్యానికి పునాది అదే.

మరి కొందరికి ఆ మాత్ర ఒక్కటే ఎందుకు చాలదు? 2009లో బ్రిటన్‌లో, టీ4 మాత్ర వేసుకునే 552 మంది జన్యువులు చూశారు. మా తోడికోడలికి వచ్చిన సీసీ అక్షరాలు 16 శాతం మందిలో, అంటే ఆరుగురిలో సుమారు ఒకరికి ఉన్నాయి. మనసు ఎలా ఉందో అడిగే ప్రశ్నలకి వాళ్ల మార్కు 14.1, రెండూ టీ అక్షరాలే ఉన్నవాళ్లది 12.8. ఆ లెక్కలో ఎక్కువ వస్తే బాగోలేదని అర్థం. టీ3 కూడా కలిపి ఇస్తే వీళ్లకి కాస్త ఎక్కువ మేలనిపించింది. అయితే రక్తంలో హార్మోన్ల లెక్కల్లో మాత్రం ఏ తేడా లేదు. 2017లో నెదర్లాండ్స్‌లో 12 వేల మందికి పైగా చూస్తే, మాత్ర వేసుకునే 364 మందిలో కూడా, ఈ అక్షరాల వల్ల బతుకుతీరులో తేడా కనబడలేదు. ఈ జన్యు పరీక్ష చూసి మందు నిర్ణయించవద్దని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది.

కాబట్టి ఆ ఎర్ర అక్షరాలకి "నీ రోకలి విరిగింది" అని అర్థం కాదు. రోకలి చెక్కడంలో చిన్న తేడా ఉంది, అంతే. దంచడం ఆగలేదు.

ఆడపిల్లల తల్లులకి ఇంకో సంగతి చెప్పాలి. ఇది మన తెలుగు డాక్టరు గారి కథ. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుంచి హిమాలయాల కింద కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు పంచి చూశారు. ఆ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతువాపు బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ పథకం మొదలైంది. మనింట్లో ఉప్పు ప్యాకెట్టు మీద "అయొడైజ్డ్" అని ఉండటం వెనక ఆయన కష్టం ఉంది. అయోడిన్ కరువైతే తల్లి మెడవాపుతో ఆగదు, కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ తల్లి పంపే టీ4 మీదే ఆధారపడుతుంది, దాన్ని తన మెదడులోనే దంచుకుంటుంది. బియ్యం పంపితే బిడ్డకి సరిపోదు, వడ్లే కావాలి. అందుకే గర్భిణులు టీ4 మాని టీ3కి మారకూడదంటారు.

మా తోడికోడల్ని ఏలూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ జన్యు రిపోర్టు చదివి పక్కన పెట్టి, మాత్ర ఎప్పుడు వేసుకుంటావు, దాని తర్వాత కాఫీ ఎంతసేపటికి, నెలసరి ఎలా ఉంది అని అడిగారు. తనేమో మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగుతోంది. కాఫీ పడితే మందు ఒంటికి సరిగ్గా పట్టదట. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 9.1. కాఫీని గంట వెనక్కి జరిపారు. ఐరన్ మాత్ర ఇచ్చి, థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటలు ఎడం ఉంచమన్నారు. అప్పటికీ తగ్గకపోతే టీ3 కలిపి చూడటం గురించి మాట్లాడదాం, సొంతంగా మాత్రం తెప్పించుకోవద్దు అన్నారు. మూడు నెలలకి నీరసం సగం తగ్గిందంటోంది. మిగతా సగం ఇంకా ఉంది.

కూతురి పరీక్ష వద్దనుకున్నారు. తల్లికి రెండూ సీ అక్షరాలే కాబట్టి పిల్లకి ఒకటి ఎలాగూ వచ్చి ఉంటుంది. అది జబ్బు కాదు, పెళ్లి సంబంధంలో చెప్పాల్సిన సంగతీ కాదు. థైరాయిడ్ మందగించడానికి మన దగ్గర ఎక్కువగా కారణం ఒంటి రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద పడటం. దాన్ని 1912లో జపాన్‌లో హషిమోటో అనే డాక్టరు వర్ణించాడు. డీఐఓ2 అక్షరాలు దాని సంగతి చెప్పవు. పిల్లకి అనుమానం వస్తే మామూలు టీఎస్‌హెచ్ పరీక్ష చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కాగితం వస్తే పారేయకండి, దాన్ని చూసి మాత్రా మానకండి. దానితోపాటు నీరసం ఏ పూట వస్తుందో, నిద్ర ఎలా ఉందో, ఇంకేం మందులు వాడుతున్నారో ఒక తెల్ల కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో మాత్రం ఒకటి మారింది. మా అత్తగారు ఇప్పుడు మధ్యాహ్నం తోడికోడలు కాసేపు పడుకుంటే ఏమీ అనడం లేదు. హిమోగ్లోబిన్ చూశాకే అనుకోండి. ఏ కాగితమూ లేకుండానే ఆ మాట నమ్మితే ఇంకా బాగుండేది.